దారిప్రక్క చరిత్ర: శిలాఫలకములను గూర్చి ఒక సమీక్ష

చిత్తూరు పట్టణమును విడిచి తిరుపతి బాట పట్టిన యాత్రికునకు, పది పండ్రెండు కిలోమీటర్లు గడచునంతలోనే, కాణిపాకమునకు మరలుమని చెప్పు ఫలకములు కనబడును. కాణిపాకము ఐరాల మండలములోని గ్రామము. బాహుదానది యొడ్డున, బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుని సన్నిధి యగుటచే ఏటేట లక్షలమంది ఆ త్రోవను నడచుచున్నారు. దారి చూపు పలకయు, దూరము చెప్పు రాయియు, వేగమును హెచ్చరించు బోర్డును, ఇండ్లస్థలములను అమ్మజూపు ప్రకటనయు, నాయకుల జన్మదినములకు కట్టిన ఫ్లెక్సీలును గల మన రహదారులమీద, ఈ నేలపై పూర్వమేమి జరిగినదో ఒక్క వాక్యమున నైనను తెలుపు వ్రాత ఎంత అరుదో ఆ త్రోవన పోవువారికి ఎవరికైనను తోచకపోదు. ఇతర దేశములలో ఈ పనికై ప్రత్యేకముగా నెలకొల్పిన చరిత్రఫలకములు వేలకొలది కలవు. మనకేల లేవను ప్రశ్నకు, మనకు చరిత్రస్పృహ తక్కువ యనెడు సమాధానమును కొందరు సులువుగా చెప్పివేయుదురు. ఆ సమాధానము సరికాదని నా నిశ్చయము. దారిప్రక్కన చరిత్రను రాతిలో నిలుపుట ఈ సీమకు మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. నడుమ తెగిపోయినది ఆ రాతిని చదువు సంప్రదాయము మాత్రమే. కావున ఈ సమస్యను మొదటినుండి పరిశీలింపవలసి యున్నది.

రాయలసీమలో దారిప్రక్క వ్రాతకు మూలపురుషుడు అశోకుడే యనవచ్చును. కర్నూలు ప్రాంతమున ఎఱ్ఱగుడి గుట్టమీద ఆయన శాసనములు నేటికిని నిలిచియున్నవి. బాటసారులకును పశువులకును నీడగా చెట్లు నాటించితిననియు, త్రోవల వెంట బావులు త్రవ్వించితిననియు ప్రజలకు తెలియజెప్పిన రాజు, ఆ మాటను జనులు నడచు తావులలోనే చెక్కించుట గమనింపదగిన విషయము. అటుపిమ్మట ఎనిమిది వందల యేండ్లకు, క్రీ.శ. 575 ప్రాంతమున, రేనాటి చోళుల కాలమున, కడపసీమలోని కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడులలో మొదటిసారిగా శాసనము పూర్తిగా తెనుగున పలికినది. నాటి రాజు తన ప్రజల నుడిలో వ్రాయించుటకు కారణము, ఆ వ్రాతను చదువవలసినవారు ఆ యూరివారే యగుట తప్ప వేరొండు కాజాలదు.

రాజులు వేయించిన శాసనములను మించి ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టములు వీరగల్లులు. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలలో, మదనపల్లె పుంగనూరు ప్రాంతములందు, బాణులు, వైదుంబులు, నొలంబులు ఒకరితోనొకరు పోరిన తొమ్మిది పది శతాబ్దుల కాలమున, ఊరి పసులమందను శత్రువులు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి మరణించినవానికి, సోరెమడి వంటి యుద్ధమున తన దొర పక్షమున పడినవానికి, పెద్దపులితో కలియబడినవానికి ఊరివారు రాళ్లు నిలిపిరి. ఒక మంచి వీరగల్లును దగ్గర నిలిచి చూడుడు. అడుగు భాగమున కత్తి దూసిన వీరుడును, ఎదుట విల్లంబులతో శత్రువులును, ఒకమూల చిన్నవిగా చెక్కిన ఆవులును కానవచ్చును. దానిపై అంతస్తున ఇరుప్రక్కల అప్సరసలు ఆ వీరుని చేతులు పట్టి పైకి కొనిపోవుచుందురు. అన్నిటికన్న పైని శివలింగము ముందు అతడు ఆసీనుడై యుండును. సూర్యచంద్రులు సాక్షులుగా నుందురు. అంతస్తుల నడిమి పట్టీలమీద రెండు మూడు పంక్తుల వ్రాత: ఎవరు ఏలుచుండగా, ఎవరి కొడుకు ఎవరు, ఏ యూరి మీదికి ఎవరు వచ్చినప్పుడు పడెను, అతని వారికి ఎంత నేల మాన్యముగా ఇచ్చిరి. చదువు రానివానికి బొమ్మ, చదువు వచ్చినవానికి అక్షరము. రెండును ఒక్క రాతిమీదనే. చరిత్రఫలకమునకు ఇంతకన్న నిండైన నమూనాను ఏ దేశమువారు కల్పించిరో నేనెరుగను.

ఈ కోవలోనివే మరికొన్ని కలవు. ఆలయభూముల హద్దులలో పాతిన త్రిశూలపు రాళ్లును, చక్రపు రాళ్లును, వామనముద్ర రాళ్లును, ఈ నేల ఎవరిదో, దీనిని హరించువానికి ఏ పాతకము కలుగునో బాటసారికి చెప్పుచుండెడివి. తలమీది మూటను ఇతరుల సాయము లేకయే దించుకొని మరల ఎత్తుకొనుటకు, రెండు నిలువురాళ్లపై అడ్డరాయి పెట్టిన కట్టడములు పాతబాటల వెంట నుండును. తమిళసీమలో ఇట్టివానిని కడుపుతో నుండి చనిపోయిన స్త్రీల జ్ఞాపకార్థము నిలుపు ఆచారమున్నది. మోయుచున్న భారమును దించుకొనక పోయిన యువతి పేరిట, నడచు ప్రతివానికి భారము దించుకొను చోటును కల్పించిన ఆ మనసు ఎంత లోతైనదో చూడుడు. వంద యేండ్లు ఎవరెవరో మూటలు దించుకొనుచు, ఆమెను తలచుకొనిరి. తిరుమల మెట్లమీద సాష్టాంగపడిన భక్తుల రూపములును పేర్లును చెక్కియుండుటయు ఇట్టి వరుసలోనిదే.

చెరువుకట్టల శాసనములను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. వాననీటిపై బ్రదుకు సీమకు అసలైన చరిత్ర అక్కడనే యున్నది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము శక 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. దినమునకు వేయిమంది కూలివాండ్రు, నూరు బండ్లు, రెండేండ్లు పని సాగినదని ఆ రాయి చెప్పుచున్నది. అంతటితో ఆగక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆరు దోషములను కూడ వరుసగా వివరించినది. నీరు చిమ్ము కట్టయు, చవిటి నేలయు, ఇద్దరు రాజుల పొలిమేరయు, ఎక్కువ నీటికి తక్కువ మాగాణియు, తక్కువ నీటికి ఎక్కువ మాగాణియు మొదలగునవి దోషములని వ్రాయించినవాడు, గతమును కీర్తించుటకే కాక రాబోవు తరమువారికి పని నేర్పుటకును ఆ రాతిని నిలిపినాడనుట స్పష్టము. ఐరాల చుట్టుపట్ల చెరువులు, గుట్టలు, చెరకుతోటలు, మామిడితోటలు గల పల్లెలలో తిరుగువారు ఏ తూము దగ్గరనో, ఏ మరవ ప్రక్కనో మూడొంతులు మట్టిలో కూరుకొన్న రాతిని చూచినచో, దానిని కేవలము బట్టలుదుకు బండగా తలపరాదు.

ఇన్ని రాళ్లుండగా మనకు చరిత్ర కనబడకుండుటకు హేతువేమి? అక్షరము మారుట మొదటిది. పదవ శతాబ్ది తెనుగు లిపిని నేటి బడిపిల్లవాడు చదువలేడు. ఈ జిల్లాలో విరివిగా గల ప్రాచీన తమిళ, గ్రంథలిపులను తమిళమే మాటలాడువారు సైతము చదువలేరు. చదువగలవారు బయటినుండి వచ్చి చదువుట రెండవది. ఈ రెండవ కథను వివరముగా తెలియుట అవసరము.

కర్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను దక్షిణదేశమంతట ఊరూరి వృత్తాంతములను సేకరింప బూనినప్పుడు, ఆ మహాకార్యమునకు కన్నులును కాళ్లును అయినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మొదలగు తెలుగువారే. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే గతించగా లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వారు గ్రామకరణములను, స్థానికులను, వృద్ధులను అడిగి వ్రాయించిన కైఫియత్తులలో ఊరి పుట్టుక, చెరువు కట్టినవారి పేర్లు, గుడి మాన్యములు, పాళెగాండ్ర వంశములు, కరవులు, దండయాత్రలు కలగలసి యున్నవి. అందు విన్నదియు కన్నదియు కలిసియే యుండును. అయినను ఊరివాడు తన ఊరిని గూర్చి తన నోట చెప్పిన చరిత్ర అట్టిది వేరొకటి మనకు లేదు. ఆ ప్రతులు మద్రాసు చేరినవి. రాబర్టు సూయెల్ 1882లో మద్రాసు రాజధాని ప్రాచీనావశేషముల పట్టికను ప్రకటించెను. 1886లో హుల్ట్ష్ ప్రభుత్వ శాసనపరిశోధకుడుగా నియుక్తుడు కాగా, ఆయనకు తోడుగను తరువాత వారసుడుగను వెంకయ్య పని చేసెను. ఏటేటి నివేదికలు, దక్షిణభారత శాసన సంపుటములు బయలువెడలినవి. 1919లో రంగాచార్యులవారు జిల్లాలవారీగా, తాలూకాలవారీగా మద్రాసు రాజధాని శాసనముల పట్టికను మూడు సంపుటములుగా కూర్చిరి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో ఏర్పడినది కనుక, అంతకుముందటి పుస్తకములలో మన ఊళ్లను వెదకువాడు ఆ రెండు జిల్లాల పేర్ల క్రింద వెదకవలెనని మరువరాదు.

శాసనమునకు నకలు తీయు విధానమును చూడనివారికి దానిని చెప్పుట మంచిది. మొదట రాతిమీది పాకుడును, నూనె జిడ్డును కుంచెతోను నీటితోను కడుగుదురు. తడిపిన కాగితమును రాతిపై పరచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో తట్టుచుందురు. తట్టగా తట్టగా కాగితము అక్షరపు గాడులలోనికి దిగును. కొంచెము ఆరిన పిమ్మట సిరాలో ముంచిన గుడ్డయుండతో పైపైన అద్దుదురు. మిట్ట భాగమంతయు నల్లనై, గాడిలోని అక్షరము మాత్రము తెల్లగా తేలును. కంటికి కానరాని వ్రాత కాగితముపై కన్నులు తెరచునట్టి ఆ క్షణమును చూచిన పల్లెవారు గుమిగూడి, మా రాతిలో ఏమున్నదయ్యా యని అడుగకమానరు. నకలు తీసినవారు ఆ కాగితమును చుట్టచుట్టి కొనిపోయిరి. అది పాఠమై, ఆంగ్లమున సంగ్రహమై, సంఖ్య తగిలించుకొని గ్రంథాలయములలో చేరినది. ఊరివారి ప్రశ్నకు మాత్రము సమాధానము తిరిగి రాలేదు. ఆ మహనీయుల శ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. వారు తీసిన నకళ్లే లేకున్నచో, నేడు పగిలిపోయిన ఎన్నియో రాళ్ల మాట మనకు దక్కియుండెడిది కాదు. కాని రాతిమీది జ్ఞానము పుస్తకములోనికి పోయి రాయి మూగదై మిగులుట ఈ నూట యేబది యేండ్లలో జరిగిన గొప్ప నష్టము.

ఇందుకు మినహాయింపు తిరుమలయే. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు దేవస్థానము ఆశ్రయమున ఆ కొండమీదను, తిరుపతిలోను, తిరుచానూరులోను గల వేయికి పైబడిన శాసనములను పరిష్కరించుటకు జీవితమును వెచ్చించిరి. 1930 దశకమున అవి సంపుటములుగా వెలువడెను. పల్లవరాణి సామవై పదవ శతాబ్దిలో వెండి విగ్రహమును సమర్పించి దాని నిత్యకైంకర్యమునకు భూమి నిచ్చిన సంగతియు, కృష్ణదేవరాయలు 1513 మొదలు ఏడుమారులు స్వామిని సేవించిన సంగతియు నేడు సామాన్యభక్తులకు సైతము తెలియుటకు మూలము ఆ కృషియే. ఒక సంస్థ తన గోడలమీది వ్రాతను తానే చదివించుకొన్నచో ఎంత ఫలము కలుగునో ఈ యుదాహరణము చాలును.

ఇక ప్రభుత్వము నిలిపిన ఫలకముల మాట. 1904లో కర్జను ప్రభువు కాలమున ప్రాచీన కట్టడముల రక్షణ చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో నేటి చట్టము వచ్చినది. రాష్ట్రమునకు 1960 నాటి చట్టము వేరుగా కలదు. 2010 సవరణచే కేంద్రరక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపు నిర్మాణము నిషిద్ధమై, ఆపైని మరి రెండువందల మీటర్లు నియంత్రిత మైనది. కట్టడమును పాడుచేసినవానికి రెండేండ్ల వరకు చెరసాల, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. రక్షిత స్థలముల ముంగిట నిలిపిన నీలపు బోర్డుపై మనము చదువునది ముఖ్యముగా ఈ శిక్షాస్మృతియే. కట్టడము జాతీయ ప్రాముఖ్యము గలదని దానిలో నుండును. ఎందుచేత గలదో ఉండదు. కొన్నిచోట్ల వేరొక పలకమీద చరిత్రసంగ్రహము కలదు, నిజమే. అయినను మొదట కంటబడునది బెదిరింపు. శ్రీకాళహస్తి దిక్కున గుడిమల్లములో క్రీస్తుకు పూర్వపు శతాబ్దులకు చెందినదని పెక్కుమంది పండితులు తలచు శివలింగమున్నది. దేశమున ఇంత ప్రాచీనమైన లింగములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. ఆ గోడలపై పల్లవ, బాణ రాజుల కాలపు శాసనములు కలవు. అట్టి చోటికి పోవు త్రోవలో మలుపు మలుపునకు ఆ సంగతిని చాటవలసియుండగా, గమ్యము చేరినవాడు మొదట చట్టపు సెక్షనులను చదువవలసి వచ్చుట వింత.

రక్షితములలో చేరని రాళ్ల సంఖ్యయే మన పల్లెలలో అధికము. అట్టి వీరగల్లునకు కాపుదల ఊరివారి భక్తియే. పసుపు కుంకుమలు పూసి, వీరుడని మ్రొక్కి, ఏటికొక్క కోడిని కోయు రాయి నిలిచినది. మ్రొక్కులేని రాయి మెట్టుబండ యైనది. పూజ రాతిని కాచును, నూనెమడ్డితో అక్షరమును కప్పును. దీనికై ఊరివారిని నిందించువారితో నేను ఏకీభవింపను. వారి చేతిలోనున్న ఒకేయొక రక్షణవిధానమును వారు వాడుకొనిరి. నిజమైన శత్రువులు వేరు. గుప్తనిధుల పిచ్చిలో రాతిక్రింద గుంతలు త్రవ్వి, విగ్రహములను పగులగొట్టు ముఠాలు రాయలసీమకు పెద్ద చీడ. వీరగల్లు మీది సూర్యచంద్రుల గురుతులను నిధికి ఆనవాళ్లుగా పొరబడువారి మూర్ఖతకు ఎన్ని రాళ్లు బలియైనవో! జీర్ణోద్ధరణ పేర గోడలపై ఇసుక చిమ్మి అక్షరముల నరుగగొట్టుట, ఎనామెలు రంగు పులుముట మరియొక కీడు. గ్రానైటు క్వారీలును, వెడల్పగు రహదారులును ఇంకొకటి. బెంగుళూరు చెన్నపట్టణముల నడిమి నూతన మహామార్గము ఈ జిల్లాగుండ పోవుచున్నది. ఏ దారిపనికైనను చెట్ల లెక్కయు, ఇండ్ల లెక్కయు తీయుదురు. పాతరాళ్ల లెక్క కూడ తీయవలెనని నియమమున్న ఎంత బాగుండును!

విదేశములందలి అనుభవమును క్లుప్తముగా చూతము. లండనులో ఇండ్లగోడలపై గుండ్రని నీలిఫలకములను నిలుపు ప్రయత్నము 1866లో మొదలై, 1867లో బైరను కవి జన్మించిన యింటికి తొలిఫలకము అమర్చబడెను. కొంతకాలమునకు ఆ ఇల్లే కూల్చబడగా ఫలకమును పోయినది. వ్యక్తి మరణించి ఇరువదియేండ్లు గడచినగాని ఫలకము పెట్టరాదని వారు పెట్టుకొన్న నియమము మనకు శిరోధార్యము. మనయొద్ద శంకుస్థాపన ఫలకముపై బ్రదికియున్నవారి పేర్లు పెద్దక్షరములలోను, కట్టడపు ప్రయోజనము చిన్నక్షరములలోను ఉండుట అందరెరిగినదే. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రము 1927 మొదలు కారులో పోవువారి కొరకై రహదారుల వెంట చరిత్రఫలకములను నిలిపినది. నేడవి రెండువేలకు మించినవి. అక్కడి చేదు పాఠమొకటి కూడ కలదు. దక్షిణరాష్ట్రములలో మొదట నిలిచిన ఫలకములలో ఎక్కువ భాగము అంతర్యుద్ధపు సేనానులవి. బానిసలై యుండినవారి మాట చాలకాలము వరకు రాలేదు. మిసిసిపీలో 1955లో హత్యకు గురియైన ఎమెట్ టిల్ అను నల్లజాతి బాలుని జ్ఞాపకార్థము నది యొడ్డున నిలిపిన పలకను దుండగులు పలుమార్లు తుపాకులతో కాల్చగా, 2019లో గుండు దూరని లోహపు పలకను నిలుపవలసి వచ్చినది. చరిత్రఫలకము నిరపాయమైన అలంకారమని తలచువారికి ఈ సంగతి తెలియవలెను. ఎవని పేరు వ్రాయుదుమో, ఎవని పేరు విడుతుమో అందులో న్యాయాన్యాయములు ఇమిడియున్నవి.

ఈ కొలతతో మన జిల్లాను చూచినచో ఏమి తేలును? మైసూరు నవాబు హైదరాలీ 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట వద్ద దండు విడిసియుండగా ప్రాణములు విడిచెను. దక్షిణదేశ చరిత్రగతిని మార్చిన మరణమది. 1801లో కర్ణాటకము కుంఫిణీవారి వశమైన పిమ్మట చిత్తూరు పాళెగాండ్రు వారిని ఎదిరించి అణచివేయబడిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతియైన కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880లో చిత్తూరు చేరువ కట్టమంచిలో జన్మించిరి. బుక్కరాయసముద్రపు చెరువుగండికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కావ్యము చేసినవారు వారే. స్థానికచరిత్రకు కావ్యగౌరవము కలిగించిన కవి ఊరు కనుక కట్టమంచి త్రోవలో ఆ విషయము వ్రాసియుండుట ఎంతయు ఉచితము. మదనపల్లెలో 1919లో రవీంద్రులు బసచేసి జనగణమనకు ఆంగ్లానువాదము చేసిరి. వీరందరును ప్రసిద్ధులు, వీరికి ఫలకము అడుగుట సులభము. సామవై వంటి స్త్రీకి, ఆవులమందకై పడిన పేరులేని కాపరికి, చెరువుపనిలో మట్టి మోసిన వేయిమందికి అడుగువారెవరు? నా దృష్టిలో ప్రథమస్థానము వీరిదే.

ఐరాల మండలమును పరీక్షగా తీసికొని ఫలకమున ఏమి వ్రాయవలెనో చూతము. కాణిపాకమున రెండు విధముల జ్ఞాపకమున్నది. ఒకటి స్థలపురాణము: గ్రుడ్డి, మూగ, చెవిటివారైన మువ్వురు సోదరులు ఎండిన బావిని త్రవ్వుచుండగా పార రాతికి తగిలి నెత్తురు ఉబికెననియు, వారి వైకల్యములు తొలగెననియు, ఊరివారు కొట్టిన కొబ్బరికాయల నీరు పొలమంతట పారెననియు, శంఖలిఖితులను సోదరులలో తమ్ముడు ఆకలికి మామిడిపండు కోసి తినినందుకు చేతులు కోల్పోయి, ఈ నదిలో మునుగగా తిరిగి పొందెననియు. రెండవది రాజుల లెక్క: గుడిని కట్టించినవాడు మొదటి కులోత్తుంగచోళుడనియు, 1336లో విజయనగర ప్రభువులు విస్తరింపజేసిరనియు. సాధారణముగా ఫలకములు ఈ రెంటిని ఒకే ఊపిరిలో, ఒకే నమ్మకముతో చెప్పివేయును. మొదటిదానిని పరిహసించుట మహాపరాధము. ఈనాటికిని ఆ సన్నిధిలో ప్రమాణము చేయుమనినచో అబద్ధమాడువాని నాలుక తడబడునన్న విశ్వాసముచే ఎన్నియో తగవులు కోర్టుకెక్కకయే తీరుచున్నవి. ఆ విశ్వాసము సజీవమైన చరిత్ర. దానిని "ఈ ఊరివారు తరతరములుగా చెప్పుకొనునది" అని పేర్కొని గౌరవముతో వ్రాయవలెను.

రెండవదానిని మాత్రము గట్టిగా ప్రశ్నింపవలెను. కులోత్తుంగుడు 1070 మొదలు 1122 వరకు ఏలినవాడు. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుని కుమారుడు. తండ్రి తెనుగుభారతమునకు కారకుడు, కుమారుడు తమిళదేశమున చోళసింహాసనమెక్కినవాడు. తెలుగు తమిళములు పెనవేసికొన్న ఈ సీమలో అతని పేరు వినబడుటలో ఔచిత్యమున్నది, ఫలకమున ఈ సంబంధమును చెప్పినచో తిరుత్తణినుండి వచ్చిన తమిళభక్తుడును, మదనపల్లెనుండి వచ్చిన తెలుగుభక్తుడును సమానముగా ఆనందింతురు. కాని 1336 మాట వేరు. అది విజయనగరము పుట్టినదని సంప్రదాయముగా చెప్పు సంవత్సరమే. తుంగభద్ర యొడ్డున నగరమునకు పునాది వేసిన ఏటనే ఆ ప్రభువులు ఇంతదూరమున గుడిని పెంచిరనుటకు శాసనము చూపనిదే అంగీకరించుట కష్టము. రాజ్యపు పుట్టినతేదీయే గుడితేదీగా నోటివెంట దిగినదేమోనని నా అనుమానము. ఆధారము చూపగలిగినచో సంఖ్యతో సహా వ్రాయవలెను. చూపలేనిచో "విజయనగర కాలమున పెరిగినదని ప్రతీతి" అనుట చాలును. తేదీకి ప్రక్కన దాని ఆధారము లేని ఫలకము పదేండ్లలో పాఠ్యపుస్తకముల కెక్కి, ఇరువదియేండ్లలో తిరుగులేని సత్యమగును. ఫలకము చేయగల అపకారములలో ఇదియే పెద్దది.

అందుచే నేను కోరునది స్వల్పము. ఎక్కడ రాయి కలదో అక్కడనే, దానికి తగులకుండ రెండడుగుల దూరమున, చిన్న పలక. మొదట రాతిమీది మాట, ఎన్ని పంక్తులున్న అన్ని పంక్తులును నేటి తెనుగు లిపిలో, క్రింద తేటతెలుగున తాత్పర్యము, శకవర్షమును, క్రీస్తువర్షమును, శాసనపు సంపుటసంఖ్య, వేరుగా గీత గీచి, ఊరివారి కథ. మూలము తమిళమైనచో తమిళమని, కన్నడమైనచో కన్నడమని చెప్పుటకు సంకోచింపరాదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు పోవునాటికి ఉభయపక్షముల ఉద్యమకారులు శాసనముల భాషను హద్దుల వాదమునకు ఆయుధముగా వాడుకొనిరి. ఆ వేడి చల్లారి ఆరు దశాబ్దములు దాటినది. రాతిని చెక్కించినవారు ఒకే గుడిగోడపై రెండు నుడులను ప్రక్కప్రక్కన ఉంచినప్పుడు, మనము ఒకదానిని దాచుట వారి యెడ ద్రోహము.

ఈ పనిని ఎవరు చేయవలెననునది చివరి చిక్కు. 1984లో కరణములు పోయినప్పుడు వారి అక్రమములతోపాటు, ఏ రాయి ఏ సర్వేనెంబరులో నున్నదో తెలిసిన ఊరి జ్ఞాపకశక్తి కూడ పోయినది. 1985లో తాలూకాలు మండలములుగా విడిపోగా పాతపుస్తకములలోని ఊరి చిరునామాలును మారినవి. 2022లో జిల్లాలు మరల పంచబడినవి. రంగాచార్యుల పట్టికలో ఒక గ్రామమును పట్టుకొని నేటి మండలములో దానిని వెదకుటయే ఒక పరిశోధన. గ్రామసచివాలయమున ఊరి రాళ్లకు ఒక దస్తరమును తెరచి, రాయి ఉన్నచోటు, కొలత, ఫోటో, పాతసంపుటములోని సంఖ్య, ఊరి కథ వ్రాసియుంచుట ఏ బడ్జెటును కోరదు. చదువుటకు దూరము పోనక్కరలేదు: తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ప్రాచీనచరిత్ర, పురావస్తుశాఖ కలదు, కుప్పములో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయము తెలుగు తమిళ కన్నడములను ఒకే ప్రాంగణమున నేర్పుటకే పుట్టినది. ఆ విద్యార్థులు ఒక్కొక్క ఎండకాలమున ఒక్కొక్క మండలమును పంచుకొని, ఐరాలతోనే మొదలిడి, నకలు తీసిన కాగితము ఎండుచుండగనే ఆ ఊరి రచ్చబండపై కూర్చుండి పాఠమును పైకి చదివి వినిపింపవలెను. నకలులో ఒక ప్రతి విశ్వవిద్యాలయమునకు, ఒక ప్రతి ఊరి బడికి. పలకమీద వ్రాయు వాక్యము గ్రామసభలో చదివి, అభ్యంతరములు విని, ఆ పిమ్మటనే చెక్కింపవలెను. కొత్త ఆధారము దొరికినచో దస్తరములో తప్పు దిద్ది పలకను మార్చు బాధ్యత ఆ ఊరి పంచాయతీదే కావలెను.